ఫ్యాన్ వైరుకు కట్టిన వల దారం

నిన్న కోట రోడ్డులో ఒక చిన్న లారీ బానెట్ ఎత్తుకుని ఆవిరి కక్కుతుంటే, కాగిన రేడియేటర్ నీళ్ల వాసన, తీపీ తుప్పూ కాలిన రబ్బరూ కలిసిన ఆ వాసన, నా ముక్కుదాకా వచ్చింది. డ్రైవరు తువ్వాలుతో ఇంజనుకు విసురుతున్నాడు, పెళ్లిలో వియ్యంకుడికి విసిరినంత మర్యాదగా. నవ్వొచ్చింది గానీ అక్కడ నిలబడలేకపోయాను.

మా ఊరు చిట్టమూరుకు తూర్పున, రొయ్యల గుంటల మధ్య ఉండేది. ఎండాకాలం పగలంతా వడగాలి ఒళ్లు కాల్చి, సాయంత్రానికి సముద్రపు గాలి తిరిగి, ఆరేసిన బట్టలకూ తలుపు గడియలకూ చివరికి నాలుకకూ ఉప్పు పూసిపోయేది. అమ్మ మామిడికాయ ముక్కలేసి కాచిన చేపల పులుసు మర్నాటికి ఇంకా రుచిగా ఉంటుందని దాచేది. మర్నాటిదాకా దాన్ని ఉండనిచ్చే మగవాడు మా ఇంట్లో పుట్టలేదు. ఉగాదికి మా చిన్న లారీకి పసుపు రాసి, ముందు జాలీకి వేపమండ కట్టేవాళ్లం. పాత బేరింగుల్లోంచి రాల్చిన ఉక్కు గుండ్లతో నేను గోలీలాడేవాణ్ని, వాటి దెబ్బకు తక్కిన పిల్లల గాజు గోలీలు పగిలిపోయేవి కాబట్టి నాకు స్నేహితులు తక్కువ.

ఆ లోటు తీర్చినవాడు మా చిన్నాయన. నాయన రొయ్యల లోడ్లకు ఆ బండి నడిపితే, ఆయన తమ్ముడు దాన్ని బతికించేవాడు. పెద్ద లారీల్లో ఫ్యాన్‌ను బెల్టుతో ఇంజనే తిప్పుకుంటుంది, మాది చిన్న బండి, కరెంటు ఫ్యాన్. ఉప్పు గాలికి దాని వైర్లు ఊరికే తుప్పు పట్టేవి. చిన్నాయన వైరు అతికించి, టేపు చుట్టి, జిగురు వదిలేయకుండా దాని మీద వల దారం బిగించి, జాలర్లు వేసే ముడి వేసేవాడు. మా చుట్టుపక్కల ఇంకెవరూ అలా కట్టేవాళ్లు కాదు. నన్ను బంపరు మీద కూర్చోబెట్టి ఆ ముడి నేర్పించాడు కూడా; బడిలో నేను నేర్చుకున్నవాటిలో ఏదీ అంత గట్టిగా నిలవలేదు.

గుంటల దగ్గర ఒక పద్ధతి ఉండేది. పట్టుబడి రోజు, అంటే గుంటలో రొయ్యలు పట్టే రోజు, వల లాగే వేళకు ఏ బండి ముందు గట్టెక్కితే మొదటి లోడు దానిది, మొదటి లోడు ఎత్తిన బండికే ఆ రైతు సీజనంతా లోడ్లు ఇచ్చేవాడు. ఒక ఏడు చిన్నాయన ఎవరో వ్యాపారి కొత్త బండికి డ్రైవరుగా వెళ్లాడు. నాయన తన మంచి స్పానర్లు ఇచ్చి మరీ పంపాడు.

పట్టుబడి పొద్దున చిన్నాయన ఇంటికొచ్చాడు. నా నెత్తిన ఒకటి మొట్టి, బానెట్ ఎత్తాడు.

"ఫ్యాన్ శబ్దం తేడాగా ఉండాది వదినా, ఒకసారి చూసి పోతా."

"నీ బండి వదిలేసి మా బండి పనేందయ్యా నీకు?" అంది అమ్మ.

"మా అన్న బండి గదా."

అమ్మ మురిసిపోయి ఇంకో దోసె వేసింది.

సెలవులు కాబట్టి నేనూ నాయన వెంట ఎక్కాను. సగం దారిలో ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. ఫ్యాన్ కదలడం లేదు. నాయన ఫ్యూజు పీకి చూశాడు, బాగానే ఉంది. ఎర్త్ బోల్టు తుప్పును కత్తితో గీకి బిగించాడు, లాభం లేదు. బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యాన్‌కు వైరు తగిలిస్తే గిర్రున తిరిగింది. అంటే మోటారు తప్పు లేదు, మధ్యలో ఎక్కడో కరెంటు ఆగిపోతోంది. వైరును వేళ్లతో తడుముకుంటూ పోయి బ్యాటరీ కింద ఆగాడు.

వైరు కట్టింగ్ ప్లేయరుతో కోసి ఉంది. తెగిన రెండు కొసలకూ విడివిడిగా టేపు చుట్టి, వల దారం బిగించి, అదే జాలర్ల ముడి వేసి ఉంది. కొస ఇనుముకు తగిలితే మంటలు రావచ్చు కదా. అన్న లోడు పోవాలి గానీ అన్న బండి కాలకూడదు.

"నాయనా, ఇది చిన్నాయన..."

"నోరు ముయ్యి," అన్నాడు నాయన. నా నోరు మూయించగలిగిన మనిషి అప్పటిదాకా పుట్టలేదు, ఆ రోజు మూతపడింది. ఆయన ముళ్లు విప్పాడు. వైరు కలిపాడు, ఇంజను చల్లారేదాకా రోడ్డు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

మేం చేరేసరికి గట్టు మీద చిన్నాయన నడిపే కొత్త బండిలో రొయ్యల మీద ఐసు పోస్తున్నారు.

"ఏందన్నా, ఆలస్యమైంది?" అన్నాడు చిన్నాయన.

"ఫ్యాన్ తిరగలా."

"ఎర్త్ పోయిందా?"

నాయన తమ్ముడి మొహంలోకి చూశాడు. "ఆఁ, ఎర్తే," అన్నాడు.

సీజను పోయింది, ఆ వెనకే బండి పోయింది. నేను బడి మానేసి ఒక గ్యారేజీలో చేరాను. బడివాళ్లు పెద్దగా బాధపడినట్టు లేదు. ఇప్పుడు గుంటలకు పెద్ద కంటైనర్లు వస్తున్నాయి. ముందొచ్చిన బండికే లోడనే మాట ఎవరూ అనరు. వైర్లకు వల దారం కట్టేవాళ్లు లేరు, పాడైతే మొత్తం మార్చేస్తారు. పండగ పూట మా ఇంటికీ చిన్నాయన ఇంటికీ మధ్య వంటల గిన్నెలు తిరగడం కూడా ఆ ఏడే ఆగింది.

నాయన పోయినేడు చనిపోయాడు. చిన్నాయన పాడె మోశాడు. కర్మ నాడు అరుగు మీద కూర్చుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, "ఒక్కసారన్నా నన్ను అడగలేదురా మా అన్న," అని ఏడ్చాడు. ఏమడగలేదో అక్కడున్న చుట్టాలకు తెలియదు. తమ్ముణ్ని సాయం అడగలేదేమో అనుకుని వాళ్లూ కళ్లొత్తుకున్నారు. కోసిన వైరు సంగతి కూడా ఆయన నోటితోనే చెబుతాడని నేను పక్కనే కూర్చున్నాను. ఎవరో టీ తెచ్చారు. చిన్నాయన తాగి, గ్లాసు కింద పెట్టి, నా భుజం తట్టి వెళ్లిపోయాడు.