పిల్ల లేని కోలా

పటమట బొమ్మల దుకాణంలో పచ్చి రంగు వాసన తగలగానే పాత కోపం రేగింది.

పొట్టసంచిలో పిల్లను పెంచే కోలా అనే జంతువు అంతరించే ప్రమాదంలో ఉందని చిన్నప్పుడు బడిలో చెప్పారు. కొండపల్లిలో బొమ్మలు చెక్కే బాబాయిని, తల్లీపిల్లా కోలాలు కావాలని పీడించాను.

"దానికి డాక్టర్లున్నారు, కాపలా ఉంది, నీలాంటి ఏడుపుగొట్టులున్నారు. మన బొమ్మలకి కర్రనిచ్చే పొణికి చెట్టు కొండ మీద కరువైపోతోందే, దానికెవరున్నారు?" అని కసిరాడు. బాబాయికి కోలా మీద అసూయ అనుకున్నాను.

చివరికి తల్లిని మాత్రమే చెక్కిచ్చాడు.

"పిల్లేది?"

"కర్ర చాల్లేదు, పోవే."

"పిసినారీ!" అని మొహం మీదే అనేశాను.

కర్ర నిజంగానే చాలలేదని పెద్దయ్యాక తెలిసింది. కోపం మాత్రం తగ్గలేదు. ఎక్కడో ఉన్న కోలా కోసం ఏడవడం నేర్పి, పక్క కొండ మీది చెట్టు పేరైనా చెప్పని ఆ చదువు మీదికి మళ్లింది.