నెట్‌లో ఆగిపోయిన నారాయణపేట మగ్గాలు

ఆ రోజుల్లో విలేకరికి సమాచారం కావాలంటే ముందు చెప్పులు గట్టివి ఉండాలి. తర్వాత, ఎవరేం చెప్పినా మొదటిసారి వింటున్నట్టు ముఖం పెట్టడం రావాలి. తొంభైల చివర్లో మహబూబ్‌నగర్‌లో ఒక తెలుగు దినపత్రికకు నేను కంట్రిబ్యూటర్‌ని. (కంట్రిబ్యూటర్ అంటే వార్త పనికొస్తే మనవాడు, జీతం మాటొస్తే ఎవరివాడో తెలియనివాడు.) కలెక్టరేట్ కబుర్లకు అక్కడి అటెండర్, పల్లెల కబుర్లకు బస్టాండులో కండక్టర్లు, మిగతా లోకానికంతా మార్కెట్ యార్డు ముందున్న ఛాయ్ హోటల్. మా పరిశోధన సాధనాలు అవే. మేం ఏ వార్త పట్టుకెళ్లినా మా బ్యూరో సారు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి ఒకటే ప్రశ్న అడిగేవాడు, "ఎవరు చెప్పిండ్రు?" అని. పేరు చెప్తే "వాడు స్వయంగ చూసిండా?" అనేవాడు. సూర్యుడు తూర్పున పొడిచాడని రాసినా చూసినవాడి ఊరూ పేరూ అడిగే రకం.

అలాంటి సారు ఒకరోజు నన్ను పిలిచి, "నారాయణపేట చీరల మీద ఆదివారం పేజీకి పెద్ద కథనం రాయి. మంచిగ వస్తె నీ పేరు స్టాఫ్ రిపోర్టర్‌కు పంపుత. ఒక్క జాగనే ఉన్నది, జర చూసుకో" అన్నాడు. ఇంకొకడైతే అక్కడే గంతులేసేవాడు. నాకు మాత్రం గొంతులో వెలక్కాయ పడింది. ఎందుకంటే నారాయణపేట నా సొంత ఊరు. మేనమామ ఇంట్లో, ఆయన మగ్గం పక్కనే పెరిగాను. రెండేళ్ల కింద నేను మగ్గం వదిలి పత్రికలోకి పోతానంటే మామ, "పెన్నుతోని ఏం నేస్తవ్‌రా అల్లుడా?" అని నవ్వాడు. నాకు రోషమొచ్చి, "స్టాఫ్ రిపోర్టర్ కార్డు మెడల ఏసుకున్నంకనే గీ గడప తొక్కుత" అని గల్లీ అంతా వినేలా శపథం చేసి బస్సెక్కాను. ఇప్పుడు కార్డు రావాలంటే కథనం రాయాలి, కథనం రాయాలంటే ఊరికి పోవాలి, ఊరికి పోవాలంటే కార్డు కావాలి. రెండు గంటల బస్సు ప్రయాణం నాకు కాశీ కంటే దూరమైపోయింది.

సరిగ్గా అప్పుడే గడియారం చౌరస్తా దగ్గర ఇంటర్నెట్ సెంటర్ తెరిచారు. నిన్నటిదాకా ఎస్టీడీ బూత్ నడిపిన ఆయనే నాలుగు కంప్యూటర్లు పెట్టి, ఒక్కోదానికి పూల కర్టెన్ కట్టించాడు. ఊరంతా ఆయన్ని నెట్ భాయి అనడం మొదలుపెట్టింది. "దునియా మొత్తం గీ డబ్బాల ఉన్నది భయ్యా, జర సబర్ చేస్తె చాలు" అన్నాడు నన్ను కూర్చోబెట్టి. ఓపిక పట్టమన్నాడు కానీ ఎంత సబరో చెప్పలేదు. ఫోన్ లైన్ కీచుమని, గరగరమని, కాసేపు ఎవరో గొంతు పిసికినట్టు అరిచి కలిసింది. నేను ఒంటి వేలితో ఇంగ్లీషులో ఊరి పేరు కొట్టాను. మొదట ఏదో రైళ్ల టైంటేబుల్ వచ్చింది. తర్వాత నారాయణ అనే పెళ్లికొడుకు బయోడేటా వచ్చింది. (ఎత్తు, చదువు బాగానే ఉన్నాయి.) చివరికి నల్లటి తెర మీద పసుపు అక్షరాలతో ఒక తెల్లాయన రాసిన పేజీ దొరికింది.

ఆయన నారాయణపేట వీధులన్నీ తిరిగాడట. ఒక్క మగ్గం చప్పుడూ వినబడలేదట. మగ్గాల మీద బట్టలు కప్పి ఉన్నాయట. ఒక ఇంటి అరుగు మీద చెంపకు చెయ్యి ఆనించుకుని ఒక నేతగాడు కూర్చున్నాడట. ఏం చేస్తున్నావని అడిగిస్తే ఏమీ చేయడం లేదన్నాడట. ఆ కళ ఆయనతోనే ముగిసిందట. ఆఖరి వాక్యం, "ఆ రాత్రి చంద్రుడు కూడా ఆ ఊరిని విడిచి వెళ్లిపోయాడు." చదివి నాకు ఒళ్లు గగుర్పొడిచింది. కింద ఫొటో ఒకటి పైనుంచి గీత గీతగా దిగుతోంది. ముందు ఇంటి దూలం వచ్చింది, తర్వాత సున్నం గోడ, ఎర్రటి తలగుడ్డ, మూడు ముడతల నుదురు. అంతే, లైన్ పోయింది. "ఫికర్ చెయ్యకు భయ్యా. నుదురు వచ్చింది గద, మొఖం నువ్వే అనుకో" అన్నాడు నెట్ భాయి, నాలుగు కాగితాల ప్రింటు చేతిలో పెట్టి.

అనుకున్నాను. ఆ మూడు ముడతల మీదే ఒక పేరా రాశాను. రెండేళ్ల కింద చెవులు చిల్లులు పడేలా ఆడిన మగ్గాలు అన్నీ ఎలా ఆగాయన్న అనుమానం నాకు రాకపోలేదు. వచ్చింది, కానీ రెండేళ్లలో ఏమైనా జరగవచ్చుననీ, అంత దూరం నుంచి వచ్చినవాడికి అబద్ధమాడే అవసరమేముందనీ దానికి నచ్చజెప్పాను. మా మామ మగ్గం కూడా ఆగిపోయి ఉంటుంది పాపం అని నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాను. మామ ఇంటి పక్క కిరాణా కొట్టుకు ఫోన్ చేస్తే పిలిచేవాళ్లు. చేయలేదు. కన్నీళ్లకు శపథం అడ్డు రాలేదు, ఫోన్‌కు మాత్రం వచ్చింది.

"ఎవరు చెప్పిండ్రు?" అన్నాడు బ్యూరో సారు.

"నెట్ల ఉన్నది సార్."

"గా నెట్టు ఏ ఊరాయన? స్వయంగ చూసిండా?"

"చూసి, ఫొటో గూడ తీసిండు సార్" అని ప్రింటు కాగితాలు ఆయన ముందు పరిచాను. ఇంగ్లీషులో అచ్చయిన కాగితాన్ని అనుమానించే ధైర్యం ఆ రోజుల్లో ఎవరికీ లేదు. సారు కళ్లద్దాలు దించుకుని చదివి, "నువ్వు గా ఊరోనివే గద, నీకు తెల్వదా" అని సంతకం పెట్టాడు. ఆదివారం పేజీ నిండా వచ్చింది, "మూగబోయిన నారాయణపేట మగ్గం" అని, కింద నా పేరుతో. ఛాయ్ హోటల్లో ఒక పెద్దమనిషి పైకి చదివి వినిపించాడు. చంద్రుడి దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు వణికింది. నేను అప్పటికే మెడలో కార్డు బరువు మోస్తున్నట్టు వంగి నడవడం మొదలుపెట్టాను.

సోమవారం పొద్దున మామ వచ్చాడు. ఎర్ర తలగుడ్డ, చంకలో పొట్లం. నేను బీరువా వెనక్కి తప్పుకున్నా, "గీ కత రాసిన పెద్దమనిషి ఉన్నడా సార్?" అని ఆయన అడిగిన తీరుకు సారే నన్ను ముందుకు తోశాడు. మామ పొట్లం నా చేతిలో పెట్టి విప్పమన్నాడు. పైన చుట్టిన కాగితం నా ఆదివారం పేజీ. లోపల సన్నగళ్ల చీర, జరీ అంచు, ఇంకా గంజి వాసన పోలేదు.

"నిన్ననే మగ్గం మీదికెల్లి కోసిన. సచ్చిన మగ్గం నేసింది. పట్టి చూడు, దయ్యాలు నేసిన బట్ట ఎట్లుంటదో" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "పెండ్లి చీరలు చెప్పినోళ్లు నిన్న పొద్దుగాలనే వచ్చి అరుగు మీద కూసున్నరు, మా చీరలు అయితయా కావా అని. బతికుండంగనే మమ్ముల బొంద పెట్టినవు గదరా" అన్నాడు.

"నెట్ల ఉన్నది మామా" అన్నాను, నాకే వినబడనంత మెల్లగా.

"ఆఖరి ముక్క చదువు."

"ఆ రాత్రి చంద్రుడు కూడా..."

"చంద్రుడు ఎందుకు లేడు?"

"అది కవిత్వం మామా."

"అమాసరా."

అమావాస్య నాడు మా వాళ్లు మగ్గం గుంటలో కాలు పెట్టరు. నెలకు ఆ ఒక్కరోజే సెలవు. ఊళ్లో ఒక్క మగ్గం ఆడదు, బట్టలు కప్పి పెడతారు, మగవాళ్లు మధ్యాహ్నం నిద్రపోతారు. ఆ సెలవు కోసం వేళ్లు మడుచుకుంటూ నెలంతా ఎదురుచూసిన పిల్లవాణ్ణి నేనే. తెల్లాయనకు తెలియకపోవడం న్యాయం. చంద్రుణ్ణి స్వహస్తాలతో తెలుగులోకి దించిన నాకు తెలియకపోవడం ఏ శాస్త్రంలోనూ లేదు.

"గా నెట్టును నేను చూడాలె" అన్నాడు మామ. సారు పని వదిలి మా వెంట వచ్చాడు. పూల కర్టెన్ వెనక నలుగురం ఒకరి భుజం మీద ఒకరం వంగి నిలబడ్డాం. కీచు, గరగర, గొంతు పిసుకుడు అన్నీ అయ్యాక పేజీ తెరుచుకుంది. దూలం దిగింది. "గిసొంటి దూలం మా ఇంట్ల గూడ ఉన్నది" అన్నాడు మామ. తలగుడ్డ దిగింది. మామ తన తలగుడ్డ తడుముకున్నాడు. నుదురు, కనుబొమ్మలు, ముక్కు దిగాయి. నెట్ భాయి ఊపిరి బిగబట్టి ఫోన్ తీగను రెండు చేతులా పట్టుకున్నాడు, వదిలితే లైన్ పోతుందేమోనన్నట్టు. మీసం దిగింది.

"మీసం నాది" అన్నాడు మామ.

అంతే, సారు కుర్చీ చెయ్యి పట్టుకుని కిందికి జారిపోయేలా నవ్వాడు. నెట్ భాయి నవ్వాడు, పక్క కర్టెన్లలో వాళ్లు తలలు బయటపెట్టి ఎందుకో తెలియకుండానే నవ్వారు. నేనూ నవ్వాను, ఏడవడానికి జాగా లేక. మామ మాత్రం తెరకు ముఖం ఆనించి చూస్తున్నాడు. "ఆ దినం పన్ను నొస్తుంటె చెంపకు చెయ్యి పెట్టుకున్న. పండుకొని అప్పుడే లేచిన. ఏం జేస్తున్నవంటే ఏం జేస్తలేనన్న. అబద్ధమా?" అన్నాడు. తెర మీది చెంపను వేలితో తడిమి, "జర నల్లగ వచ్చిన గద" అని నెట్ భాయిని అడిగాడు. మామ కోపం అక్కడే సగం దిగిపోయింది.

"ఎవరు చెప్పిండ్రో ఇప్పుడు తెలిసింది" అన్నాడు సారు కళ్లు తుడుచుకుంటూ. "నీ పేరు రాసిన కాగితం నా సొరుగులనే ఉన్నది. ఈ ఏడు పంపను. మామ ఎంట పోయి, కండ్లతోని చూసి మళ్ల రాయి." మధ్యాహ్నం బస్సులో మామ పక్కన కూర్చుని, కార్డు లేకుండానే గడప తొక్కాను. మామ నన్ను మగ్గం గుంటలో దింపి, అటూ ఇటూ పోగు నడిపే నాడె చేతికిచ్చాడు. జానెడు బట్ట చెడగొట్టాక గానీ ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పలేదు. మళ్లీ రాసిన కథనం సవరణతో పాటు అచ్చయింది. ఆ జాగా ఇంకొకరికి పోయింది. మరుసటేడు నాకూ వచ్చింది. కార్డు చూపిస్తే మామ అందులో నా పేరు చూడలేదు, మెడతాడు వేళ్ల మధ్య నలిపి, "నేత వదులుగ ఉన్నది" అన్నాడు.

ఇప్పుడు నేను కొత్త విలేకరులకు పాఠాలు చెబుతున్నాను. జనాభా లెక్కలు ఎక్కడ దొరుకుతాయి, కోర్టు తీర్పులు ఎలా వెతకాలి, పాత పత్రికలు, పటాలు ఏ సైట్లో ఉంటాయి, అన్నీ బోర్డు మీద రాస్తాను. మొన్న ఒక అమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చి, "సార్, నారాయణపేటల నేత అప్పట్లనే ఆగిపోయిందంట. ఒక విదేశీయన రాసిండు. కింద లోకల్ పేపర్ గూడ అదే రాసిందని పెట్టిండు, రెండు ఆధారాలున్నయి" అంది గర్వంగా. చూశాను. ఆ రెండో ఆధారం నా ఆదివారం పేజీ. తెల్లాయన దాన్ని ఎక్కడో సంపాదించి ఫొటో తీసి అతికించాడు. సవరణ ఆయనదాకా పోలేదు.

"ఎవరు చెప్పిండ్రు?" అన్నాను. నా నోట్లోంచి బ్యూరో సారు మాట్లాడాడు. అమ్మాయి తెర పైకి జరిపింది. ఇప్పుడు గీత గీతగా రావడం లేదు, రెప్పపాటులో మామ మొత్తం వచ్చేశాడు, తలగుడ్డ, మీసం, చెంప మీద చెయ్యి. ఆయన పోయి ఆరేళ్లయింది. చాలాసేపు చూశాను. ఎంత బాగున్నాడో, ఆ పంటి నొప్పితో.

"రేపు పొద్దుగాల బస్సుకు నారాయణపేట పో. కండ్లతోని చూసి రాయి" అన్నాను. ఆమె తలూపి గుమ్మం దాకా వెళ్లింది. నా కళ్లు గోడ మీది క్యాలెండర్ మీద పడ్డాయి. వెనక్కి పిలిచాను.

"ఎల్లుండి పో తల్లీ. రేపు అమాస."