కల్వర్టు దారి

ఆ ప్రణాళిక పుస్తకం చివర ఊరివాళ్ల సంతకాల్లో మొదటిది నాది. గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

భావనపాడుకి కాస్త ఎగువన, సముద్రానికీ, గెడ్డ అని పిలిచే వాగుకీ మధ్య ఇరుక్కున్న ఊళ్లో నేను బడి పంతులమ్మని. ఆమదాలవలస దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టినదాన్ని. నాకు నీళ్లంటే కాలవ నీళ్లే. ఉప్పునీళ్ల సంగతి ఈ ఊరే నేర్పింది. నేను వచ్చిన కొత్తలో తియ్యగా ఉండే బడి వెనక బావి, ఇప్పుడు నోట పెట్టుకోలేనంత ఉప్పెక్కింది. వానలు కూడా వేళా పాళా లేకుండా ఒక్కసారిగా కుమ్మరించి పోతున్నాయి.

ఒక వేసవిలో మండలాఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. మారుతున్న వాతావరణానికి తగ్గట్టు ఊరూరికీ రక్షణ ప్రణాళిక రాయాలట. అందరినీ బడి వరండాలో పోగుచేశాను. ఊరి పటం గీయమంటే ఆడవాళ్లు నేల మీద ముగ్గుపిండితో గీశారు. చేపల గంప మోసే పెద్దావిడ, ఊరంతా అప్ప అని పిలిచే మనిషి, పటంలో గెడ్డ మీది కల్వర్టు దగ్గర కాలు మోపి నిలబడింది.

"బాబూ, ఇటు సూడు. వానొస్తే ముందల ములిగిపోయేది ఇదే. మీ తుఫాను షెల్టరు దీనికి అవతలున్నాది. నీటిలోంచి నడిసెల్లమంటారేటి మమ్మల్ని? బడికి మేడున్నాది కదా. దాని తాళం మాకిచ్చీండి, సాలు."

వచ్చినవాళ్లలో చిన్నాయన "మంచి పాయింటమ్మా" అని రాసుకున్నాడు. వెళ్లేముందు ఒక తెల్లకాగితం ఇచ్చి, హాజరు కోసం సంతకాలు తీసుకోమన్నాడు. నేను పెట్టి, అందరిచేతా సంతకాలో వేలిముద్రలో పెట్టించాను. పైన ఏమీ రాసి లేదు. ఎందుకని అడగాలని నాకు తోచనే లేదు.

వానలు మొదలయ్యేలోపు పుస్తకం వచ్చింది. రంగుల అట్ట. తెరిస్తే, మా ఊరికి కొండచరియలు విరిగిపడే ప్రమాదం ఉందట! ఇసక తప్ప గులకరాయి దొరకని ఊరికి. ఏ ఏజెన్సీ పల్లె కోసమో రాసిన దాన్నే పేరు మార్చి దింపేశారు. జనాన్ని తరలించే దారి మాత్రం కల్వర్టు మీదుగా షెల్టరుకి. బడి మేడ ఊసే లేదు. చివర 'గ్రామస్తుల ఆమోదం' అనే మాట కింద మా సంతకాల కాగితం.

ఫోన్ చేస్తే ఆ చిన్నాయనే ఎత్తాడు. "ఫార్మాట్ అంతే మేడమ్. అప్‌లోడ్ అయిపోయింది."

అప్పకి చదివి వినిపించాను. ఆవిడ ఆఫీసుని తిట్టలేదు. నా మొహంలోకి చూసింది.

"సదువుకున్నదానివి, సూసుకోకుండా మా సేత ఏలిముద్దరలెయ్యించీసినావేటమ్మా?"

రెండు అర్జీలు రాశాను. జవాబు లేదు.

కార్తీకంలో తుఫాను పట్టింది. పొద్దుట్నించీ ఒకటే వాన. మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, పుస్తకంలో ఉన్న దారినే అందర్నీ షెల్టరుకి పంపమని. అప్పటికే కల్వర్టు మీద మోకాలి లోతు నీళ్లు. కొత్తగా కట్టిన మేడ గదులు ఇంకా బడికి అప్పగించలేదని వాటి తాళంచెవి ఆఫీసులోనే ఉంచుకున్నారు. అడిగితే, అది మా పరిధి కాదన్నారు.

అప్ప నడివీధిలో నిలబడి "ఎవులూ అటెల్లకండి!" అని గొంతు చించుకుంది. నేను పక్కింటి రుబ్బురోలు పొత్రం తెచ్చి తాళం మీద వేశాను. మూడో దెబ్బకి ఊడింది. ఊరు మేడెక్కింది.

కానీ మా కేక అందకముందే చివరింటి ముసలాయన, ఆయన భార్య షెల్టరుకని ఆటో ఎక్కి బయల్దేరిపోయారు. కల్వర్టు మీద ఇంజను ఆగి, ఆటో పక్కకి ఒరిగింది. మగవాళ్లు వలతాళ్లు కట్టుకుని దిగి ఇద్దర్నీ లాగారు. ఆవిడ గీతలతో బయటపడింది. ఆయన తుంటి విరిగింది. నీరు తీసేదాకా ఆస్పత్రికి దారి లేక, బడి బెంచీలు కలిపి పడుకోబెట్టాం. ఆ మూలుగు ఊరంతా విన్నది.

నాలుగు రోజులకి నాకు మెమో. ప్రభుత్వ ఆస్తి తాళం పగలగొట్టినందుకు సంజాయిషీ ఇవ్వాలట. తుంటి విరిగిన మనిషి గురించి ఒక్క ముక్క లేదు.

"కాస్త మెత్తగా రాయమ్మా" అన్నారు హెడ్మాస్టరు గారు.

మెత్తగా రాయలేదు. తాళం నేనే పగలగొట్టాను, మళ్లీ వానొస్తే మళ్లీ పగలగొడతాను, ఆ దారి రాసిన మనిషి చేత కూడా సంజాయిషీ రాయించండి అని రాశాను. దానికీ జవాబు లేదు. కొత్త తాళం మాత్రం వేశారు. గట్టిగా అడగ్గా అడగ్గా, కాగితం మీద ఎక్కడా రాయకుండా, మారు తాళంచెవి ఒకటి అప్ప చేతిలో పెట్టారు. పుస్తకంలో కొండచరియలు అలాగే ఉన్నాయి. ఎప్పుడడిగినా వచ్చే సవరణలో చూస్తామంటారు.

ముసలాయన ఇప్పటికీ మంచం దిగలేదు. ఆయన భార్య రోజూ బిందె పట్టుకుని బడి గేటు ముందునుంచే వెళ్తుంది. ఆ దారి రాసిన మనిషి మొహం ఆమె ఎన్నడూ చూడలేదు, సంతకం పెట్టించిన నా మొహమే చూసింది. నాతో మాట్లాడదు. పలకరించే ధైర్యం నాకూ రాలేదు.