గన్నిసన్ కొండల్లో ఆరువందల గజాల అవతల

ఈ ప్రయాణం నిజానికి మొదలైంది మా బావ గరాజ్‌లో. మా అక్క భర్త శ్రీధర్ బావది కూడా బెంటన్‌విల్లే, మా అపార్ట్‌మెంట్‌కి పది నిమిషాల దూరం. గ్రీన్ కార్డ్ వచ్చిన ఏడాదే రైఫిల్ కొన్నాడు. ఆ తర్వాత రైఫిల్ కంటే ఖరీదైన స్కోప్, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్, గాలి కొలిచే మీటర్, ఇవన్నీ కలిపి లెక్క చెప్పే ఫోన్ యాప్ వచ్చాయి. ఊరి బయట షూటింగ్ రేంజ్‌లో ఎనిమిది వందల గజాల అవతలున్న ఇనప పలకని ఠంగుమనిపించేవాడు. ఆ వీడియోలు ఫ్యామిలీ గ్రూపులో పెడితే అందరం మెచ్చుకునేవాళ్లం. "కొలరాడోలో ఎల్క్ ట్యాగ్ వచ్చిందిరా, వస్తావా?" అంటే సరదాపడి సరేనన్నాను. ఎల్క్ అంటే మన కణుజు దుప్పి లాంటిదే, ఇంకా పెద్దది. ట్యాగ్ అంటే ఒకే ఒక్క జంతువుకి ఇచ్చే అనుమతి చీటీ, కొట్టినదానికి దాన్ని కట్టాలి. మీకూ ఆ ఆలోచన ఉంటే వసంతంలోనే అప్లై చేయాలి, హంటర్ సేఫ్టీ కోర్సు పాసై ఉండాలి. నేను వీసా మీద ఉన్నవాణ్ణి, ఎందుకొచ్చిన గొడవని రైఫిల్ ముట్టుకోలేదు. బైనాక్యులర్స్‌తో చూసి చెప్పడమే నా పని.

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి, విచిటా దాటాక హైవే 50 పట్టుకున్నాం. కాన్సాస్ అంతా తిన్నటి రోడ్డు, విసుగు. ప్యూబ్లో దాటాక కొండలు మొదలవుతాయి, అక్కడ డ్రైవ్ చేసేవాళ్లు మారండి. గన్నిసన్‌లో మోటెల్ రాత్రికి నూట ముప్పై డాలర్లు. పక్కనే ఉన్న చిన్న హోటల్లో ఆమ్లెట్ వేస్తున్న పెద్దాయన మా నారింజ రంగు వేట జాకెట్లు చూసి, "ఈ వారం ఎండలు తగ్గలేదు. కొట్టగానే కోసి చల్లబరచండి, తెల్లారేదాకా వదిలితే మాంసం దక్కదు" అన్నాడు. బావ థాంక్స్ చెప్పి ఫోన్‌లో యాప్ అప్‌డేట్ చేసుకున్నాడు.

మర్నాడు పొద్దంతా ఒకే గట్టు మీద కూర్చున్నాం. "నడవక్కర్లేదురా, ఇక్కణ్ణించే కొట్టేయొచ్చు. అందుకే కదా ఇవన్నీ కొన్నది" అన్నాడు బావ. పొద్దు వాలుతుండగా లోయకి అవతలి వాలు మీదికి ఎల్క్‌ల మంద వచ్చింది. అంత అందమైన జంతువులు మేస్తుంటే నేను బైనాక్యులర్స్ దించలేకపోయాను. రేంజ్‌ఫైండర్ ఆరువందల నలభై గజాలు చూపించింది.

"లోయ దిగి ఎక్కుదాం బావా. మూడొందల్లోకి వెళ్లొచ్చు."

"గంట పడుతుందిరా. చీకటి పడిపోద్ది."

"కొట్టాక ఎలాగూ ఆ గంట నడవాలి కదా?"

"కొట్టాక చూద్దాంలే" అని స్కోప్ తిప్పుకున్నాడు.

మీటర్ చెప్పేది మన చెయ్యి దగ్గరి గాలి. అవతల గడ్డి ఇంకో వైపుకి వాలుతోంది, అదీ చెప్పాను. ఇంకోటి నాకు అప్పుడే తెలిసొచ్చింది. అంత దూరం వెళ్లడానికి గుండుకి ముప్పావు సెకనుకి పైనే పడుతుంది. ఇనప పలక ఆ ముప్పావు సెకనూ కదలకుండా నిలబడుతుంది. ఎల్క్ ఒక అడుగు వేసింది. తుపాకీ పేలిన కాసేపటికి, తడిబట్ట బండకేసి కొట్టినట్టు, మెత్తటి చప్పుడు తిరిగొచ్చింది. నా బైనాక్యులర్స్‌లో ఒక ఆడ ఎల్క్ వీపు వంచి, వెనక కాళ్లు ఈడుస్తూ చెట్లలోకి పోయింది.

"పొట్టకి తగిలింది బావా."

"తగల్లేదురా. రాయికి తగిలింది."

లోయ దిగి ఎక్కేసరికి చీకటి పడింది. ఇవతలి నుంచి గుర్తుపెట్టుకున్న ఎండు చెట్టు అక్కడికెళ్తే పాతిక చెట్లలో ఒకటి. ఎల్క్ ఎక్కడ నిలబడిందో కూడా కనిపెట్టలేకపోయాం. పావుగంట టార్చ్ తిప్పి, "ఈ గాలితో ఎవడు కొడతాడ్రా" అన్నాడు బావ. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. కాల్చేముందు గాలి సంగతి నేను చెబితే విననిది తను కానట్టే మాట్లాడాడు.

తెల్లారాక నేను వెతకడానికి అవతలి కొండకి వెళ్తానన్నాను. తను రోడ్డు వైపు గట్టుకి వెళ్తానన్నాడు. కాకులు అరుస్తున్న చోటికి పోతే దొరికింది. పడిన చోట గడ్డి అంతా కాళ్లతో తన్నుకుని చదునైపోయి ఉంది, అంటే వెంటనే పోలేదు. పొట్ట ఉబ్బింది, వెనక భాగం నక్కలు తినేశాయి. దాని పక్కన కూర్చుని ఏడ్చాను, సిగ్గేమీ పడటం లేదు. అలా కూర్చుని ఉండగానే రోడ్డు వైపు నుంచి రైఫిల్ పేలింది.

నేను వెళ్లేసరికి ఇంకో ఎల్క్ చెవికి ట్యాగ్ కట్టి ఉంది. నూట యాభై గజాల నుంచి కొట్టాడట.

"నిన్నటిది దొరికింది బావా. చచ్చిపోయి ఉంది."

"ఎవరిదో అయ్యుంటుంది."

"ఆ చప్పుడు మీరూ విన్నారు."

"ఐస్ పట్రా, ఎండెక్కుతోంది" అన్నాడు.

తిరుగు ప్రయాణం పద్నాలుగు గంటల పైనే. ఆదివారం అక్క నాలుగు కుటుంబాల్ని భోజనానికి పిలిచి ఎల్క్ మాంసం వేపుడు చేసింది. "మీ బావ ఒక్క గుండుకే పడేశాడంట. వేస్కోరా" అంటూ నా ప్లేట్‌లో పెట్టబోయింది.

"రెండు గుండ్లు అక్కా. మొదటి గుండు తగిలిన ఎల్క్ కొండ మీదే ఉండిపోయింది."

అక్క గరిట పట్టుకుని బావ వైపు చూసింది. బావ పెరుగు గిన్నె ముందుకు లాక్కున్నాడు. ఆ రోజు నుంచి ఆ ఇంటికి నన్ను పిలవలేదు, గ్రూపులో మాత్రం ఇనప పలకల వీడియోలు వస్తూనే ఉన్నాయి.

కాళ్లతో పోవాల్సిన దూరాన్ని సామాన్లు కొని దాటేద్దామనుకోవడం నేల విడిచి సాము చేయడమే. స్కోప్‌కి ఎంత దూరం కనిపించినా, గుండు ఎంత దూరం పోయినా, వెలుగుండగా మీరు నడిచి చేరి వెతకగలిగినంతే మీ రేంజ్. ఈ మాట బావకి ఇప్పటికీ కోపంతోనే చెబుతున్నాను, చదువుతాడని తెలుసు.

వెళ్లేవాళ్లకి ఒక్క సలహా. సామాన్ల రివ్యూలు తర్వాత చదువుకోవచ్చు, ముందు తోడు వచ్చే మనిషిని చూసుకోండి. తిరిగొచ్చిన చప్పుడు విన్నాక, విన్నానని ఒప్పుకునేవాడితోనే వెళ్లండి.