ఉయ్యూరు దాకా ఆగిన నొప్పి

మంగళగిరిలో తొలి బస్సు ఎక్కేటప్పటికి ఇంకా మసకమసకగానే ఉంది. ఒళ్లో కాగితంలో చుట్టిన పెళ్లిచీర. డెబ్బైల్లో మాట ఇది. ఉయ్యూరులో నా స్నేహితుడు దానయ్య మాస్టారి కూతురు గ్రేసుకి ఆ రోజు పది గంటలకు చర్చిలో పెళ్లి. వాళ్లలో పెళ్లికూతురు తెల్లచీర కడుతుంది. నేనే నేస్తానని మాట ఇచ్చాను. జరీ ఆలస్యంగా రావడంతో ముందురోజు సాయంత్రానికి గాని చీర మగ్గం దిగలేదు. కొత్తచీర కదా అని మా ఆవిడ అలవాటుగా కొసకి పసుపు పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. మచ్చ పడితే ఆ పిల్లకి మరో చీర లేదు.

బ్యారేజీ దాటగానే బస్సు టైరు పంక్చరైంది. టిఫిను మానుకుని రిక్షా ఎక్కాను. బెజవాడ బస్టాండు మలుపులో రిక్షా చక్రం గుంటలో దిగబడి పక్కకి ఒరిగింది. చీర ఉన్న చెయ్యి పైకెత్తి, రెండో చేతి మీద పడ్డాను. కింద పగిలిన సోడాబుడ్డి పెంకులు. ఎదురుగా ఉయ్యూరు బస్సు కదులుతోంది. లేచి పరుగెత్తి ఎక్కేశాను. సీటు కూడా దొరికింది. నా అంత మొనగాడు లేడనుకున్నాను.

పక్కన బజారు సంచితో కూర్చున్న పెద్దావిడ నా వైపు వంగింది.

"ఏవండీ, ఆ రక్తం మీదేనా?"

చూసుకుంటే మోచేతి కింద చర్మం విచ్చుకుని ఉంది. చొక్కా తడిసి, ధార పొట్లం వైపే దిగుతోంది. నొప్పి మాత్రం చీమ కుట్టినంత కూడా లేదు. అది ఇంకెవరి చెయ్యో అనిపించింది. భయం వేసింది, చెయ్యి గురించి కాదు.

"ముందు ఈ పొట్లం పట్టుకోండమ్మా. చేతులు శుభ్రంగా ఉన్నాయా?"

"మీ చేతుల కంటే శుభ్రమేనండీ," అందావిడ. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

సంచిలోంచి పసుపు తీసి గాయానికి అద్దుతానంది. ఇంట్లో తప్పించుకున్న పసుపు బస్సులో పట్టుకుంది. చీరకి ఇప్పుడు రెండు రంగుల గండం. వద్దని బతిమాలి, నా తువాలుతో గట్టిగా కట్టించుకున్నాను. బందరు రోడ్డు పొడుగునా చెయ్యి పైకెత్తే కూర్చున్నాను. కాలువ, చెరకు తోటలు వెనక్కి పోతున్నాయి. కండక్టరు మాటిమాటికీ "దిగాలాండీ?" అని అడిగాడు.

తొమ్మిదిన్నరకి పెళ్లింట్లో చీర విప్పారు. ఆడవాళ్లు మడత మడతా వెతికారు. ఎక్కడా చుక్క లేదు. గ్రేసు దాన్ని చెంపకి ఆనించుకుని, "బాబాయిగారూ, ఎంత బావుందో," అంది. నా ఛాతీ ఉప్పొంగింది. సరిగ్గా అప్పుడు మొదలైంది నొప్పి. మంచంకోడు పట్టుకుని కూలబడ్డాను.

పెళ్లికి వచ్చిన డాక్టరుగారు కుట్లు వేస్తూ చెప్పారు: "హఠాత్తుగా దెబ్బ తగిలితే ఒక్కోసారి శరీరమే నొప్పిని కాసేపు అదిమిపెడుతుందండీ. ముందు గట్టెక్కమని. అంతమాత్రాన గాయం చిన్నదనుకోకూడదు."

ఈ దారిన వెళ్లేవాళ్లు ఆ మాట గుర్తుంచుకోండి. కుట్లు పూర్తయ్యాక చర్చిలో వెనక బల్ల మీద కూర్చుని, ఆ చీర నడిచి వెళ్లడం కళ్లారా చూశాను.

సాయంత్రం తిరుగు బస్సులో ప్రతి గతుకూ చేతిలోనే పడింది. పక్కాయన నా మొహం చూసి, "బాగా నొప్పిగా ఉందాండీ?" అన్నాడు.

"చాలా ఉందండీ," అన్నాను. "ఇప్పుడు ఎంతైనా ఉండనివ్వండి. చీర చేరిపోయింది."