‘ఏటీ తెలీట్నేదు’ అన్న పాదం

కరోనా గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడాది, వేసవికాలం. విశాఖ ద్వారకా నగర్‌లో మాది చెప్పులు, బూట్ల షాపు. అప్పటికి ఇరవై ఏళ్ళకు పైగా జనం పాదాలు చూస్తున్నాను. ఈ చుట్టుపక్కల కాలు కొలిచి బూటు ఇచ్చేవాణ్ణి నేనొక్కణ్ణేనని గొప్పలు పోయేవాణ్ణి కూడా. ఆ గొప్ప ఏపాటిదో ఇప్పుడు చెబుతాను.

కొలవడానికి ఫుట్ గేజ్ అని ఒక ఇనుప పలక ఉంటుంది. మడమ ఒక చివర ఆనించి నిలబడితే పొడవూ వెడల్పూ రెండూ తెలుస్తాయి. రోజూ నడిచేవాళ్ళకు వెడల్పు మరీ ముఖ్యం. నడిచేకొద్దీ పాదం కాస్త ఉబ్బుతుంది. బూటు ముందు భాగాన్ని టో బాక్స్ అంటాం. అందులో వేళ్ళు కదలడానికి చోటు లేకపోతే ఒరుసుకుని పుండు పడుతుంది. ఇదంతా నాకు కొట్టిన పిండి.

ఆ రోజు ఉక్కునగరం నుంచి వచ్చిన దంపతులకు వాకింగ్ షూస్ చూపిస్తున్నాను. ఇద్దరి పాదాలూ గేజ్ మీద పెట్టించి, నేల మీద కూర్చుని మరీ కొలిచాను. అప్పుడే ఒకావిడ అరిగిన హవాయి చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. పేరు నూకాలమ్మ, యాభై దాటి ఉంటాయి. ఫిషింగ్ హార్బర్‌లో చేపలు తీసుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని కాలనీల్లో తిరిగి అమ్ముతుంది. అమ్మకం ముగించుకుని నేరుగా వచ్చినట్టుంది, పాదాలకు పొలుసులు అంటుకుని ఉన్నాయి.

“సుగరు బాబూ. డాక్టరుగారు ఈ సెప్పులు మానీసి బూట్లు ఎయ్యమన్నారు. నాను రోజంతా నడుత్తాను కదా.”

“షుగరుకి నడక మంచిదేనమ్మా,” అన్నాను. అంతకన్నా పనికిమాలిన మాట ఆ సమయానికి నాకు దొరకలేదు.

గేజ్ ఆవిడ వైపు జరపలేదు. ఆవిడ చేతిలోని చెప్పు తీసుకుని ఒక బూటు అడుగుకు ఆనించి పొడవు చూశాను, అంతే. ఏసీ గదిలో చేపల వాసన. ఆ దంపతులు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. ఆవిణ్ణి ఎంత త్వరగా పంపేద్దామా అన్నదే నా ఆలోచన. జత ఆవిడ ముందు పెట్టి, దూరంగా నిలబడి “వేసుకో అమ్మా” అన్నాను. తనే తంటాలు పడి తొడుక్కుంది, నాలుగడుగులు వేసింది.

“ఎక్కడైనా పట్టేస్తోందా?”

“ఏటీ తెలీట్నేదు బాబూ.”

మా వృత్తిలో ఆ మాటకు మించిన మెప్పు లేదు. కాలికి బూటు ఉన్నట్టే తెలియకపోతే సైజు అతికినట్టు సరిపోయిందని మా లెక్క. “అయితే కుదిరినట్టే,” అని పంపేశాను.

నాలుగైదు నెలలకు కూతురి భుజం పట్టుకుని మళ్ళీ వచ్చింది. ఎడమ పాదానికి చిటికెన వేలు లేదు. కూతురు సంచిలోంచి ఆ బూట్లు తీసి బల్ల మీద పెట్టింది. ఎడమ బూటు లోపల, ఆ వేలు ఉండే చోట, గుడ్డ నల్లగా మరక కట్టి ఉంది.

“బొబ్బ లేసినా అమ్మకి తెల్నేదండి. సీము పట్టి వాసనొచ్చేక సూసేం. ఏలు తీసీసేరు,” అంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది, నేనూ ఎదురు అరిచి తప్పించుకునేవాణ్ణి.

అయినా తప్పించుకోవాలనే చూశాను. “ఏమీ తెలియడం లేదని మీ అమ్మే కదా చెప్పింది,” అన్నాను.

నూకాలమ్మ నా మొహంలోకి చూసింది. “అవును బాబూ, తెలీట్నేదనే సెప్పినాను. సుగరొచ్చిన కాడ్నుంచి కాలికి ఏటీ తెల్దు. నాను అబద్దం సెప్పనేదు.”

తల కొట్టేసినట్టయింది. రోగం పేరు చెప్పింది, దాని లక్షణం చెప్పింది. నేను మాత్రం దాన్ని నా బూటుకు మెప్పు అనుకున్నాను. ఆ పాదాన్ని ఒక్కసారి చేత్తో పట్టుకుని నొక్కి చూసి ఉంటే తెలిసిపోయేది. నడిస్తేనే పూట గడిచే మనిషి ఆ గాయం మానేదాకా తట్ట ఎత్తలేదు.

“నువ్వు కాళ్ళు కొలిచి ఇత్తావని అందరూ అంటారు. డాక్టరుగారు మళ్ళా నడవొచ్చన్నారు. ఈపాలి నాకూ కొలువు బాబూ,” అంది.

గేజ్ తెచ్చి నేల మీద కూర్చున్నాను. పాదం పట్టుకోబోతే ఆవిడ కాస్త వెనక్కి లాక్కుని, నెమ్మదిగా అంది: “సబ్బెట్టి కడుక్కునే వచ్చినాను బాబూ. కంపు రాదు.”

అంటే నేను కాలు ఎందుకు ముట్టలేదో మొదటి రోజే ఆవిడకు అర్థమైంది. నేను తల ఎత్తలేకపోయాను. కొలిస్తే ఆ పాదం నేనిచ్చిన బూటుకన్నా ఒక సైజు పొడవు, బాగా వెడల్పు.

షుగరు ఉన్నవాళ్ళను బిగుతుగా ఉందా అని అడిగి వదిలేయడం ఆ రోజుతో మానేశాను. బూటు లోపలి మెత్తటి అట్టను, అంటే ఇన్‌సోల్‌ను, బయటికి లాగి దాని మీద నిలబడమంటాను. పాదం ఎక్కడైనా అంచు దాటిందా, ఆ జత పక్కన పెట్టేస్తాను. బూటు తొడిగాక పైనుంచి వేలి చివర నా బొటనవేలితో నొక్కి చోటుందో లేదో చూస్తాను. ‘ఏమీ తెలియడం లేదు’ అని ఎవరైనా అంటే ముందు బూటు విప్పిస్తాను.

నూకాలమ్మ ఇప్పటికీ మా షాపుకే వస్తుంది. వచ్చిన ప్రతిసారీ సబ్బుతో కాళ్ళు కడుక్కునే వస్తుంది. అక్కర్లేదమ్మా అని ఎన్నిసార్లు చెప్పానో. వినదు. ఆ ఒక్క విషయంలో నా మాట ఆవిడ ఎందుకు నమ్మాలి?