ఊరందరికీ ఒకటే తారీఖు

బోధన్ నుంచి రుద్రూర్ దాకా రోడ్డు మీద ఇసుక వేస్తే రాలనంతగా ఎడ్లబండ్లు నిలిచిపోయిన రోజు ఒకటుంది. అది బంద్ వల్లా కాదు, మంత్రిగారి రాక వల్లా కాదు. ఆ ఘనకార్యం నాది. ఒక్కణ్నే, కుర్చీలోంచి లేవకుండా చేశాను. ఎలా చేశానో చెబుతాను. నవ్వాలనుకునేవాళ్లు మొహమాటపడకండి, మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ పడటం లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. నిజామాబాద్‌లో కంప్యూటర్ కోర్సు ముగించి, రుద్రూర్ దగ్గర ఒక చిన్న ప్రైవేటు చక్కెర మిల్లులో ప్రోగ్రామర్‌గా చేరాను. మిల్లు మొత్తం మీద కంప్యూటర్ తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. కాబట్టి నాకేం తెలియదో కనిపెట్టగలిగిన మనిషి అక్కడ లేడు. ఆ ధీమాతో నా నడకే మారిపోయింది. మా బాపు ఒకరోజు చూసి చూసి, "కాలు బెణికిందారా?" అని కూడా అడిగాడు.

నా పని కటింగ్ ఆర్డర్లు తీయడం. ఏ రైతు ఏ రోజు చెరుకు కొట్టి మిల్లుకు తేవాలో రాసి ఉండే చీటీలవి. తేదీలు వేసేది కేన్ మేనేజర్ సుదర్శన్ సారు. వాటిని కంప్యూటర్‌లో ఎక్కించి, సీజన్ మొత్తానికి చీటీలు ఒకేసారి అచ్చు తీసి ఇచ్చేది నేను. నాటిన వరుసలోనే తేదీలు ఇవ్వాలని రూలు. కానీ ఆ వరుస ఎక్కడ మెలిక తిరిగేదో గానీ, ఊరి పటేలు చెరుకు ఎప్పుడూ ముందుండేది, గంగవ్వ చెరుకు ఎప్పుడూ చివర ఉండేది.

గంగవ్వకు ఉన్నది ఎకరం చెరుకు. ఆమె తరచూ వచ్చి నా గది గుమ్మంలో కూర్చునేది.

"బిడ్డా, గా డబ్బల నా పేరు జర ముందటికి జరుపరాదు?"

"నా చేతుల లేదవ్వా. సారు ఏ తారీఖు ఇస్తె గదే ఎక్కిస్త."

"బాయిల నీళ్లు అడుగువట్టినయి. ఎండకాలం దాక ఆగితె చెరుకు కట్టెలైతది. పొయ్యిల వెట్టుకోవాల్నా?"

నాకు జాలేసేది. జాలిపడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు గనుక ధారాళంగా పడేవాణ్ని.

ఇంతలో హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే నా దోస్తు శేఖర్ డేటాబేస్ సర్వర్ కొత్త వర్షన్ సీడీ పంపాడు. మిల్లులో ఉన్న పాత సర్వర్ ఏ గొడవా లేకుండా నడుస్తోంది. అదే నాకు నచ్చలేదు. అన్నీ అలా సాఫీగా నడిస్తే ఇక నా గొప్ప ఎవరికి తెలుస్తుంది? సారుకు చెప్పకుండా పాతది తీసేసి కొత్తది ఎక్కించాను.

అయితే నేను ప్రోగ్రామ్ రాసిన టూల్ పాతది. అది కొత్త సర్వర్‌ను పలకరించగానే, నీ వర్షన్‌తో నాకు కుదరదు పొమ్మని ఇంగ్లీషులో ఒక మెసేజ్ వచ్చింది. ఎన్నిసార్లు నొక్కినా అదే మెసేజ్. చీటీలు తీయాల్సింది ఆ రోజే. నాకు ముచ్చెమటలు పోశాయి. ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి శేఖర్‌కు ఫోన్ చేశాను.

"టూల్ గూడ కొత్తది ఎయ్యాలె. లేకుంటె పాత సర్వరే మల్ల పెట్టుకో," అన్నాడు.

"కొత్త టూల్ ఏస్తె ప్రోగ్రామంత మల్ల రాయాలె. పాతది పెడితె ఇజ్జత్ పోతది. ఇంకో తొవ్వ లేదారా?"

"ఉన్నది. పాత సీడీల కనెక్షన్ ఫైలు ఒకటి ఉంటది, గది తీసి కొత్త ఫోల్డర్ల పెడితె రెండు కలుస్తయి. కని లోపలి డేటా సక్కగ అస్తదని గారంటీ లేదు. అన్నీ సూస్కో."

అతను "ఉన్నది" అన్న తర్వాత చెప్పినదాంట్లో సగమే నా చెవికెక్కింది.

ఫైలు పెట్టాను. తెర తెరుచుకుంది. పేర్లు వచ్చాయి, ఊళ్లు వచ్చాయి, ఎకరాలు వచ్చాయి. అంతా వచ్చేసిందని ఆఫీసు మొత్తానికి చాయ్, మిర్చి బజ్జీలు చెప్పాను. తేదీలు ఒక్కటీ చూడలేదు. ప్రింటర్ కిర్రుకిర్రుమంటూ చీటీలు కక్కింది. వాటిని ఊళ్లలో పంచే ఫీల్డ్‌మన్ రాజన్న కట్టలు సర్దుతూ నిలబడిపోయాడు.

"అన్నా, అందరికి రేపే ఉన్నదేందే?"

"కంప్యూటర్ తప్పు చెయ్యది రాజన్నా. నువ్వు తీస్కపో," అన్నాను, నోట్లో బజ్జీతో.

మర్నాడు మధ్యాహ్నం తీరిగ్గా బస్సెక్కాను. బోధన్ దాటగానే బస్సు ఆగిపోయింది. చూస్తే ముందంతా చెరుకు బండ్లు, ట్రాక్టర్లు. దిగి నడుస్తూ పక్కనున్న బండి రైతుతో అన్నాను: "ఎవడో దిమాక్ లేనోడు ఇచ్చినట్టున్నడు గీ ఆర్డర్లు."

"అవ్ బిడ్డా, గాడు దొరికితె సూడాలె," అని చీటీ చూపించాడు. ఆ రోజు తేదీ. వెనక బండిలో చీటీ చూశాను. అదే తేదీ. గాడు ఎవడో అప్పుడు అర్థమైంది. ముఖానికి రుమాలు కట్టుకుని మిగతా దారి నడిచాను.

గేటు దగ్గర సుదర్శన్ సారు జుట్టు పీక్కుంటున్నాడు.

"ఏందిరా గిది?"

"సార్, సర్వర్ కొత్తది, టూల్ పాతది, వర్షన్లు..."

"నాకు తెలుగుల చెప్పు!"

"తారీఖులు దాసిపెట్టేటోడు కొత్త తీరు రాస్తున్నడు సార్. చదివేటోడికి గా తీరు రాదు. అందుకే తారీఖు ఖాళీగ అచ్చింది."

"ఖాళీగ అస్తె ఖాళీగనే ఉండాలె గదా? రేపని ఎవడు రాసిండు?"

"ఖాళీ ఉంటె రేపటి తారీఖు ఎయ్యమని ప్రోగ్రాంల నేనే రాసిన సార్. ముందుజాగ్రత్తకు."

సారు నన్ను వదిలేసి బండ్ల వరుస వైపు నడిచాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

కొట్టిన చెరుకును వెనక్కి పంపడానికి లేదు, ఎండితే తూకం పడిపోతుంది. వచ్చిన వరుసలోనే తీసుకుంటామని, కొట్టనివాళ్లకు కొత్త చీటీలిస్తామని సారు ప్రకటించాడు. అందరికన్నా ముందున్న బండి గంగవ్వది. మిల్లువాళ్లు ఎక్కడ మనసు మార్చుకుంటారోనని తెల్లవారకముందే కోత మొదలుపెట్టించిందట. ఇంతలో పటేలు జీపు దిగాడు.

"నేను గంగవ్వ ఎన్క నిలవడాల్నా?"

సుదర్శన్ సారు నా వైపు ఒకసారి చూసి, చేతులు జోడించి, "ఏం జెయ్యాలె పటేలా, కంప్యూటర్ ఇచ్చింది," అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవం.

నిజం చెప్పనా? భయపడుతూనే ఆ రోజును ప్రేమించాను. ఎడ్ల మెడల్లో గంటలు, రసం కాగే వాసన, మహారాష్ట్ర నుంచి వచ్చిన కోత కూలీలు బండ్ల నీడన మరాఠీలో వేసుకునే జోకులు. ఎవరో పెట్టిన జొన్నరొట్టె తిన్నాను, పెదవులు చీరుకుపోయేదాకా చెరుకు నమిలాను. ఆ మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది. ఆ దారిన వెళితే నా ముక్కు ఇంకా ఆ వాసన కోసం వెతుకుతుంది.

పాత సర్వర్ మళ్లీ ఎక్కించాను. తేదీలన్నీ ఎవరి స్థానాలకు వాళ్లు పెద్దమనుషుల్లా తిరిగొచ్చాయి. సారు నా చెయ్యి మానిటర్ మీద పెట్టించి, ఇకపై నడుస్తున్న సర్వర్ జోలికి పోనని ప్రమాణం చేయించాడు. అటు ఆయన వెళ్లగానే గంగవ్వ గుమ్మంలోకి వచ్చింది. స్టీలు డబ్బాలో ఉడికించిన బొబ్బర్ల గుడాలు తెచ్చింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి అడిగింది.

"బిడ్డా, గిది మల్ల ఎప్పుడు ఖరాబైతది?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. డబ్బా మూత తీసి గుడాలు తిన్నాను.

కనుక ఇప్పుడు మీ అందరి సాక్షిగా ఆ ప్రమాణం మళ్లీ చేస్తున్నాను. సవ్యంగా నడుస్తున్న సర్వర్‌ను ఈ జన్మలో ముట్టను, కొత్త వర్షన్ బంగారు సీడీలో పెట్టి ఇచ్చినా సరే. గంగవ్వ వచ్చి అడిగితే మాత్రం పూచీ నాది కాదు.